నాలుగో అధ్యాయం తీసేది లేదు

స్టేడియంలో అందరూ ఆమెను టేపక్క అంటారు. ఉద్యోగపు కాగితాల్లో ‘ట్రాక్ సూపర్‌వైజరు’ అని ఉంటుంది గానీ, ఆ మాటతో అడిగితే ఆమె ఎవరో సగంమందికి తెలియదు. భుజానికి స్టీలు టేపు చుట్ట, చెవి మీద పెన్సిలు, టోపీ కింద సగం నెరిసిన జుట్టు. పన్నెండేళ్లుగా ఆ ఎర్రటి ట్రాక్ మీద ఏ గీత ఎక్కడ మొదలై ఎక్కడ ఆగాలో ఆమెకు కంఠతా వచ్చు.

ఈ పన్నెండేళ్లలో నలుగురు డైరెక్టర్లు వచ్చి వెళ్లారు. ఇప్పుడున్నాయన ఐదోవాడు. ప్రతివాళ్లూ వస్తూనే ఏదో ఒకటి తవ్వించారు. ఈయన లాంగ్‌జంప్ గుంతను పడమటి వైపు తిప్పించాడు. సాయంత్రం పూట దూకే పిల్లలకు ఎండ సూదుల్లా కళ్లల్లోకి దిగుతోంది.

“ఎందుకు సార్ ఇలా తిప్పించారు?” అని టేపక్క అడిగింది.

“అది స్ట్రాటజీ, టేపక్కా. మీకు అర్థం కాదులెండి.”

అర్థం కాదన్నందుకు ఆమెకు కోపం రాలేదు. ఆ ‘లెండి’ మాత్రం ముల్లులా గుచ్చుకుంది. అదేమైనా బ్రహ్మవిద్యా, నేర్చుకుంటే రాదా అనుకుంది. పెళ్లికి ముందెప్పుడో పూర్తిచేసిన డిగ్రీ సర్టిఫికెట్‌ని ట్రంకుపెట్టె అడుగునుంచి తీసి, దుమ్ము దులిపి, నలభై ఎనిమిదో ఏట యూనివర్సిటీకి వెళ్లి చేరింది. క్రీడా పరిపాలన, వ్యూహాత్మక నాయకత్వం. రెండేళ్ల పీజీ కోర్సు. శని, ఆదివారాలు క్లాసులు.

“ఇన్నాళ్లూ నేల మీద గీతలు గీశావు, ఇక కాగితం మీద గీస్తావన్నమాట,” అన్నాడు భర్త. ఆయనది బూట్ల రిపేరు కొట్టు. పరుగు పందేల వాళ్ల స్పైకు బూట్లకు అట్టలు మార్చడం, ఊడిన మేకులు బిగించడం ఆయన పని.

“మీకేం, కింద కూర్చుని కాళ్లు మాత్రం చూస్తారు. నేను తలకాయల సంగతి చూసొస్తా.”

క్లాసులో ఇరవై రెండు మంది. అందరిలోకీ పెద్దది ఆమే. పక్కన కూర్చునే ఫుట్‌బాల్ గోల్‌కీపరమ్మాయి మొదటిరోజే “అత్తా” అని వరస కలిపేసింది. పాఠాల్లో ‘లీడర్’ అన్న మాట వినపడినప్పుడల్లా ఆ పిల్ల నోటుబుక్కు చివర ఒక గీత పెట్టేది. ఒక ఆదివారం మధ్యాహ్నానికి నూట ఆరు గీతలయ్యాయి. “అత్తా, ఇంతమంది లీడర్లున్నారు గదా, వీళ్లలో బంతి ఆపేవాడు ఒక్కడన్నా ఉన్నాడంటావా?” అని గుసగుసలాడేది. టేపక్క నవ్వాపుకోలేక దగ్గు నటించేది. అయినా చదువు ఆమెకు నచ్చింది. తన చేతికి తెలిసిన సంగతులకు పుస్తకంలో పేర్లున్నాయని తెలిసినప్పుడల్లా, ఎప్పటి చుట్టమో ఎదురై పలకరించినట్టుండేది.

రెండో ఏడు ప్రాజెక్టు రిపోర్టు రాయాలి. ‘ఒక స్టేడియంలో నిర్ణయాలు ఎలా జరుగుతాయి’ అని పెట్టుకుంది. గైడు మేడమ్ మెచ్చుకుంది. మొత్తం ఐదు అధ్యాయాలు. నాలుగోదాంట్లో ఏదో ఒక సంఘటనను మొదటినుంచి చివరిదాకా, ఎవరేమన్నారు, ఎవరేం చేశారు అని విప్పి చూపాలి. దానికి ఆమె తన బతుకులోకెల్లా మంచిరోజును ఎంచుకుంది. కిందటేడు కాలేజీ పోటీల్లో ఆమె కూతురు మూడువేల మీటర్ల పరుగులో పదిహేడేళ్ల నాటి రికార్డును అర సెకనుతో బద్దలు కొట్టిన రోజు. ఆ పిల్ల పేరు ఇప్పుడు స్టేడియం గేటు పక్కన బోర్డు మీద ఉంది.

ఆ అధ్యాయానికి ఫొటో ఏరుతూ కూర్చున్న పూట ఆమె చేతిలోని టీ చల్లారిపోయింది.

ఫొటోలో కూతురు చివరి మలుపు తిరుగుతోంది. మధ్యాహ్నపు ఎండ. పిల్ల నీడ ఉంది, వెనక వస్తున్నవాళ్ల నీడలున్నాయి. ట్రాక్ లోపలి అంచున మాత్రం నీడ లేదు. ఉత్త తెల్లగీత.

ఆ అంచున కర్బ్ ఉండాలి. కర్బ్ అంటే రెండంగుళాల ఎత్తు అల్యూమినియం పట్టీ, ముక్కలు ముక్కలుగా బిగిస్తారు. అది ఉంటే కాలికి తగులుతుందేమోనని పరుగెత్తేవాళ్లు అడుగు దూరంగా జరిగి పరుగెత్తుతారు. ఆ అడుగు దూరం మీద కొలిస్తేనే చుట్టు సరిగ్గా నాలుగు వందల మీటర్లు. కర్బ్ తీసేస్తే అందరూ గీతను రాసుకుంటూ పోతారు. బెత్తెడు లోపలికి. బెత్తెడే గానీ, చుట్టుకు అరవై మూడు సెంటీమీటర్లు తగ్గిపోతుంది.

మర్నాడు పొద్దున్నే స్టోరు రూము రిజిస్టరు తిరగేసింది. డైరెక్టరుగారి నోటిమాట మీద, ఏదో కంపెనీ సభకు స్టేజీ లారీ మైదానంలోకి పోవాలని, పదకొండో తారీఖు రాత్రి కర్బ్ విప్పారు. తిరిగి బిగించింది పదమూడు తెల్లవారుజామున. పోటీలు జరిగింది పన్నెండున.

మరి పోటీల రోజు ట్రాక్ సరిగ్గా ఉందని కాగితం ఎవరిచ్చారు? ఫైలు తీసింది. ‘కర్బ్: ఉన్నది’ అన్నచోట టిక్కు. కింద సంతకం. తనదే.

ఆమె స్టోరు రూములోనే ఒక హర్డిల్ మీద కూలబడింది.

అది ఆ పనిలో ఉన్నవాళ్లు మాత్రమే చేయగల తప్పు. సొంతవాళ్లు పోటీలో ఉంటే ఆ రోజు మైదానంలో డ్యూటీ చేయకూడదని నియమం. అందుకని ఆమె నిజాయితీగా సెలవు పెట్టింది. కానీ ట్రాక్ కాగితం మీద సంతకం లేనిదే ఆఫీసువాళ్లు పోటీ మొదలుపెట్టనివ్వరు. సెలవు పెట్టే ముందురోజు రెండు ఖాళీ ఫారాల మీద సంతకం చేసి సొరుగులో పెట్టి వెళ్లడం ఆమెకూ, ఆమెకు ముందున్న ఆయనకూ, ఆయనకు పని నేర్పినాయనకూ అలవాటు. తలుపుకు గొళ్లెం పెట్టినంత మామూలు. టిక్కులు ఎవరో పెట్టుకుంటారు. ఆ రోజు ఆమె స్టాండ్సులో చేతిసంచి గుండెకు హత్తుకుని కూర్చుంది. ఏడున్నర చుట్లూ కూతురి భుజాలే చూసింది. నేల చూడలేదు. పన్నెండేళ్లలో నేల చూడని రోజు అదొక్కటే.

వారం రోజులు నలిగిపోయి, చివరికి అంతా రాసింది. కర్బ్ విప్పించింది ఎవరు, తిరిగి పెట్టించనిది ఎవరు, చూడకుండా సంతకం చేసింది ఎవరు. కూతురి పేరు రాయలేదు, ‘క్రీడాకారిణి’ అని ఊరుకుంది. గైడు మేడమ్ చదివి, కళ్లద్దాలు తీసి తుడుచుకుని, మళ్లీ పెట్టుకుంది.

“మీ వైవాకి బయటి ఎగ్జామినరు ఎవరో తెలుసుగా?”

“తెలుసు మేడమ్. ఏ సంస్థ మీద రాస్తే ఆ సంస్థ పెద్దనే పిలుస్తారుగా.”

“కాస్త... మెత్తబరచకూడదూ?”

“సిమెంటు గట్టిపడ్డాక మెత్తబరచడం నాకు చేతకాదు మేడమ్.”

కాపీ డైరెక్టరుకు చేరిన మూడో రోజు ఆయన కబురు పెట్టాడు.

“రండి రండి, కూర్చోండి టేపక్కా.” ఆ గదిలో ఆమెను కూర్చోమనడం అదే మొదలు. “రిపోర్టు బ్రహ్మాండంగా ఉంది. మూడో అధ్యాయంలో నాకే తెలియని సంగతులున్నాయి. ఆ నాలుగోదే, పంటి కింద రాయిలా తగిలింది.”

“రాయే సార్. బియ్యం ఏరాల్సింది నేను.”

ఆయన నవ్వబోయి ఆగాడు. “కర్బ్ తీయించింది నేనని రాశారు.”

“తీయించింది మీరు. చూడకుండా సంతకం పెట్టింది నేను. రెండూ రాశాను.”

“అక్కడే ఉంది తిరకాసు. నాది నోటిమాట. మీది సంతకం. రేపు ఎవరైనా అడిగితే ముందు ఎవరు పోతారు?”

“నేనే సార్.”

ఆ జవాబు ఆయన అనుకోలేదు. కాగితాలు సర్దాడు, సర్దినవే మళ్లీ సర్దాడు. “పోనీ, మీ సంగతి వదిలేయండి. గేటు పక్కన బోర్డు మీద మీ అమ్మాయి పేరుంది. దాన్ని చెరిపేది ఎవరు? కన్నతల్లా?”

టేపక్క భుజం మీది టేపు చుట్ట సర్దుకుంది. “తప్పు పడ్డ గీతను చెరిపేది ఇన్నాళ్లూ నేనే కదా సార్.”

ఆయన గొంతు మారింది. “చూడండి, నాలుగో అధ్యాయం తీసేయండి. డిగ్రీ చేతికొస్తుంది. అసిస్టెంటు మేనేజరు పోస్టుకు మీ పేరే పంపిస్తాను. తీయకపోతే ఎగ్జామినరు సంతకం లేకుండా డిగ్రీ రాదని మీకు వేరే చెప్పక్కర్లేదు.”

“తీసేది లేదు సార్,” అని ఆమె లేచింది. మెట్లు దిగింది. మాట వణకలేదు, అంతే చాలనుకుంది.

కూతురికి ఈ సంగతి ఇంకొకళ్లు చెప్పేలోపు తానే చెప్పాలి. తిన్నగా భర్త కొట్టుకు వెళ్లింది. కూతురు అక్కడే స్టూలు మీద కూర్చుని, ఒంటికాలి బూటుతో, రెండోదానికి మేకులు ఎప్పుడవుతాయా అని చూస్తోంది. టేపక్క నిలబడే అంతా చెప్పేసింది. కూర్చుంటే చెప్పలేనని భయం.

భర్త చేతిలోని సుత్తి గాల్లోనే ఆగింది.

“ఎంత తేడా?” అంది కూతురు.

“ఏడున్నర చుట్లకు నాలుగు మీటర్ల డెబ్భై.”

పరుగెత్తే పిల్ల, లెక్కకు కాగితం అక్కర్లేదు. “దాదాపు సెకను. నేను కొట్టింది అర సెకనుతో.” ఒంటికాలి బూటు విప్పింది. “అంటే కొట్టలేదన్నమాట.”

“అమ్మలూ...”

“పన్నెండు మందిమి పరిగెత్తామమ్మా. మాలో ఒక్కళ్లమూ నేల చూడలేదు. ఎందుకు చూస్తాం? చూసే మనిషివి నువ్వున్నావుగా!” చెప్పులేసుకుని వెళ్లిపోయింది.

నాలుగు రోజులు ఆ పిల్ల తల్లితో మాట్లాడలేదు. ఏం కావాలన్నా తండ్రితో గోడకు చెప్పినట్టు చెప్పేది. మూడో రోజు పొద్దున టేపక్క డ్యూటీకి బయలుదేరుతూ సైకిలు తీస్తే, వెనక చక్రంలో గాలి నిండుగా ఉంది. ముందురోజు సాయంత్రం అది పూర్తిగా దిగిపోయింది.

“మీరు కొట్టారా?”

“నాకు నడుం వంగుతుందా?” అన్నాడు భర్త. “మాట్లాడకపోతే ఏమోయ్, నీ కూతురు గాలి కొట్టింది చూడు. ముందు ఆ గాలి మీద పోయిరా.”

వైవా ముందురోజు సాయంత్రం కూతురు రిపోర్టు పట్టుకుని వంటింట్లోకి వచ్చింది. నాలుగో అధ్యాయం చివరి పేరా చుట్టూ పెన్సిలుతో గట్టిగా సున్నా చుట్టి ఉంది.

“ఇదేంటి? ‘అయినప్పటికీ ఆ క్రీడాకారిణి ప్రతిభను ఎవరూ కాదనలేరు’? ‘ఏదో ఒకనాడు ఆమె తప్పక సాధిస్తుంది’?”

“మంచి మాటే కదే.”

“జాలి. రిపోర్టులో జాలెందుకు? తీసెయ్.”

“మిగతాది?”

“మిగతాది ఒక్క ముక్క తీసినా నాతో మాట్లాడకు.”

“ఇప్పుడు మాట్లాడుతున్నావేంటి మరి?”

“ఇది మాట్లాడటం కాదు. దిద్దటం.” గిన్నె మూత తీసి చూసి, మూసి, “ఆయన నా బోర్డు సంగతి ఎత్తాడటగా. నా పేరు అడ్డం పెట్టుకుని ఎవరూ దాక్కోవద్దని చెప్పు. ఆయనా, నువ్వూ కూడా,” అంది.

ఆ పేరా కొట్టేస్తుంటే టేపక్కకు చెయ్యి నొప్పి పుట్టింది. కానీ కొట్టేశాక చూస్తే అధ్యాయం ఇంకా నిటారుగా నిలబడింది.

వైవా రెండో అంతస్తులో, పొడుగు బల్ల ఉన్న గదిలో. వరండాలో గోల్‌కీపరమ్మాయి ఆమె చీర కుచ్చిళ్లు సర్ది, “అత్తా, పెనాల్టీ కొట్టేవాడి కళ్లు చూడకు, నడుం చూడు. ఎటు తిరుగుతాడో తెలిసిపోతుంది,” అని చెప్పి లోపలికి తోసింది.

బల్ల అవతల ముగ్గురు. మధ్యలో అధ్యక్షుడు, డెబ్భై దాటిన ప్రొఫెసరు, ఒకప్పుడు హాకీ అంపైరు. కుడివైపు గైడు మేడమ్. ఎడమవైపు డైరెక్టరు. ఆయన కొత్త కోటు వేసుకొచ్చాడు.

మొదటి మూడు అధ్యాయాలూ సాఫీగా గడిచాయి. తర్వాత డైరెక్టరు కుర్చీలో ముందుకు జరిగాడు.

“ఇది నాయకత్వం మీద రిపోర్టు. నాలుగో అధ్యాయం చూస్తే పితూరీలా ఉంది. ఇందులో నాయకత్వం ఎక్కడుందో చెప్పండి.”

“లేదు సార్. లేదనే రాశాను. ఒక లారీ లోపలికి రావాలని మీరు నోటితో చెప్పారు. విప్పినవాళ్లు ఎప్పుడు బిగించాలని అడగలేదు. నేను చూడకుండానే ఉందని సంతకం పెట్టాను. టిక్కు పెట్టినవాడు నా సంతకం చూసి ఉందనుకున్నాడు. ఇంతమందిలో ఒక్కరు వంగి నేల చూసుంటే సరిపోయేది. ముందు నేను.”

“పరువు సంగతి ఆలోచించారా? స్టేడియం పరువు, ఆ పిల్ల పరువు?”

“ఆ పిల్ల తన పేరు అడ్డం పెట్టుకోవద్దంది సార్. మీకూ చెప్పమంది.”

డైరెక్టరు ముఖం కందగడ్డ అయింది. అధ్యక్షుడు చేతికర్రతో నేల మీద మెల్లగా తట్టాడు. ఫారం కాపీని కళ్లకు దగ్గరగా పెట్టుకున్నాడు.

“అమ్మా, ఈ సంతకం మీదేనా?”

“నాదే సార్.”

“ఆ రోజు మీరు డ్యూటీలో లేరు.”

“లేను సార్. ముందురోజే పెట్టి వెళ్లాను.”

ఆయన ఫారం బల్ల మీద పెట్టాడు. “నేనూ పెట్టేవాణ్ణి,” అన్నాడు. “స్కోరు షీట్ల మీద. ఇరవై ఏళ్లు. నా అదృష్టం బాగుండి ఎవరూ ఫొటో తీయలేదు.”

గైడు మేడమ్ తన ముందున్న మంచినీళ్ల గ్లాసును బల్ల మీద మెల్లగా జరిపి టేపక్క చేతికి అందేలా పెట్టింది. “ఈ అధ్యాయం నేను చదివి ఒప్పుకున్నదే,” అంది, ఎవరి వంకా చూడకుండా. “నా పేరు కూడా ఉంది దాని మీద.” పాపం, అంత మాట అనడానికి ఆవిడకు ఎంత కష్టమైందో టేపక్కకు తెలుసు. నీళ్లు తాగింది.

ఆమెను బయటికి పంపలేదు. ముగ్గురూ ఆమె ముందే తేల్చుకున్నారు. ఇద్దరు పాసంటారు, ఒకరు కాదంటారు. ముగ్గురి సంతకాలూ లేనిదే డిగ్రీ లేదు. సవరించి ఆరు నెలల్లో మళ్లీ ఇవ్వాలి.

“అంతేనమ్మా, నిబంధన అలా ఉంది,” అన్నాడు అధ్యక్షుడు, తన తప్పే అయినట్టు.

“సరే సార్. ఏం సవరించాలో రాసివ్వండి.”

“అంటే?” అన్నాడు డైరెక్టరు.

“ఫారంలో ‘సవరించవలసినవి’ అని గడి ఉంది సార్. నాలుగో అధ్యాయం తీసేయాలంటే అదే రాయండి. ఎందుకు తీయాలో కూడా. మీ చేత్తో.”

డైరెక్టరు పెన్ను మూత తీశాడు. గడి మీద పెట్టాడు. పెన్ను కదలలేదు. అధ్యక్షుడు ఆయన వైపు, ఎంతో మర్యాదగా, ఎంతో ఓపిగ్గా చూస్తూ కూర్చున్నాడు. గోల్‌కీపరమ్మాయి చెప్పింది గుర్తొచ్చి టేపక్క ఆయన కళ్లు చూడలేదు. ఆయన కుర్చీలో ఒక పక్కకు ఒరిగాడు, మరో పక్కకు ఒరిగాడు, చివరికి ఏదో రాసి, కాగితం ఆమె వైపు తోసి, వాచీ చూసుకుంటూ లేచిపోయాడు.

‘భాష మెరుగుపరచవలెను.’

అంతే. నాలుగో అధ్యాయం ఊసే లేదు.

వరండాలో గోల్‌కీపరమ్మాయి ఎదురొచ్చింది. “అత్తా, ఏమైంది?”

“ఆరు నెలలు ఆగాలి. నా భాష బాగాలేదట.”

“నీ భాషా? నీ భాషకేం, చెంప ఛెళ్లుమనిపిస్తుంది!” అని ఆ పిల్ల గట్టిగా అరిచింది. మెట్ల మీద వెళ్తున్నవాళ్లు తిరిగి చూశారు. టేపక్క నవ్వింది, కానీ నవ్వు మధ్యలోనే కళ్లు తడిశాయి. రెండేళ్ల శనివారాలు, ఆదివారాలు. అసిస్టెంటు మేనేజరు పోస్టు ఇక కల్ల. సోమవారం పొద్దున డ్యూటీకి వెళ్తే ఏ కాగితం చేతికిస్తారో తెలియదు. ఉద్యోగంలోంచి తీసేస్తే తీసేయనీ. ఆరు నెలల తర్వాత ఇదే అధ్యాయం, ఇదే గదిలో, ఈసారి ఇంకో పేజీ కలిపి మరీ ఇస్తుంది. ఈ వైవా గురించి.

కింద మెట్ల దగ్గర కూతురు గోడకు చేరగిలబడి ఉంది.

“ఏమన్నారు?”

“ఆరు నెలలు.”

“అధ్యాయం?”

“ఉంది.”

కూతురు తల ఊపింది. “రికార్డుల కమిటీ ఆఫీసు ఐదింటికి మూసేస్తారు. నా ఉత్తరం పొద్దున్నే ఇచ్చేశాను. ఆ రికార్డు నాకొద్దు, కర్బ్ లేదు, కొట్టేయండి అని. గుమస్తా నోరు వెళ్లబెట్టాడు. ‘రికార్డు కావాలని వచ్చేవాళ్లనే చూశాం తల్లీ’ అన్నాడు. నీ సంతకం సంగతి మాత్రం నేను రాయలేదు. అది నువ్వు రాసుకోవాలి.”

“ఇప్పుడా?”

“ఇంకెప్పుడు? నాలుగున్నరైంది.”

టేపక్క సంచిలోంచి తెల్లకాగితం తీసింది. చుట్టూ చూసింది, రాయడానికి బల్ల లేదు, అరుగు లేదు. కూతురు అటు తిరిగి, మోకాళ్ల మీద చేతులు ఆనించి వంగింది. పరుగు అయిపోయాక ఊపిరి తీసుకునేటప్పుడు వంగే పద్ధతి. ఆ వీపు మీద కాగితం పరిచి టేపక్క మొదలుపెట్టింది. పన్నెండో తారీఖున ట్రాక్ సరిగా ఉన్నదని నేను చేసిన సంతకం తప్పు.

“నాన్న అడిగాడు, ఇక బోర్డు మీద ఎవరి పేరుంటుందని,” అంది కూతురు నేలకేసి చూస్తూ.

“ఏం చెప్పావు?”

“పదిహేడేళ్లుగా ఉన్న పాత ఆవిడదే. ఇంకో ఏడాది ఉండనీ అన్నాను. మళ్లీ పోటీలు వచ్చే ఏడేగా.” అటూ ఇటూ కదిలి, “అమ్మా, ఎంతసేపు రాస్తావు? ఇదేమన్నా థీసిసా? నడుం పట్టేస్తోంది, కానీయ్!”

“కదలకు. పెన్ను జారుతోంది,” అని టేపక్క ఎడంచేత్తో ఆ భుజాన్ని గట్టిగా పట్టుకుని, రెండో వాక్యం రాసింది.